సముద్రంలో బిడ్డ జాడ తప్పితే తల్లికి కబురు చేర్చేదెవరు? నెల్లూరు, ప్రకాశం తీరంలో ఆచూకీ సేవలపై సమీక్ష

వేటకు పోయిన బోటు చెప్పిన పొద్దుకు తిరిగి రాకపోతే పాలెంలో ముందుగా ఒడ్డుకొచ్చి నిలబడేది తల్లే. ఆమె అడిగేది ఒకటే మాట: "నా బిడ్డ ఎక్కడున్నాడయ్యా?" ఆ మాటకు జవాబు వెతికే ఏర్పాట్లు కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఇవాళ చాలానే ఉన్నాయి. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసుల 1093, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ గాలింపు పనిముట్టు సరాట్, మత్స్యశాఖ, సచివాలయం. వీటన్నిటికంటే ముందు ఊరి బోట్లు. వీటిని విడివిడిగా కాక ఒకే సేవగా చూసి, ఆ తల్లికి ఎంతవరకు పనికొస్తాయో ఇక్కడ రాస్తున్నాం. ముందే చెప్పేస్తే, వెతకడంలో ఈ ఏర్పాటు గట్టిది. వెతికిన కబురు ఇంటి గడపకు చేర్చడంలో మాత్రం చాలా బలహీనం.

ఊరి బోట్లతో మొదలుపెడదాం. దురాయి (ఊరి కట్టుబాటు) వేసి ఆ రోజుకు వేట ఆపితే పాలెంలో ఉన్న ఫైబర్ బోట్లన్నీ గంటలో నీళ్ళలో ఉంటాయి. ఏ పిల్లవాడు ఏ వల పట్టుకెళ్ళాడో, ఎన్ని బారల లోతున వేస్తాడో వీళ్ళకు తెలిసినట్టు ఏ ఆఫీసుకూ తెలియదు. పొరపాటు జరిగేది ఒక్క చోట: అందరూ నేరుగా వల వేసిన చోటికే పోతారు. నీళ్ళలో పడ్డ మనిషి పడ్డచోట ఉండడు, నీటితో పాటు సాగిపోతాడు. ఒరవడి అర నాట్, అంటే గంటకు అర నాటికల్ మైలు మాత్రమే ఉందనుకున్నా రోజుకు 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్లు. అందుకని వల చోటు నుంచి మొదలుపెట్టి, నీరు లాగే వైపు బోట్లన్నీ వరసగా సాగాలి. బోటుకూ బోటుకూ మధ్య 300 మీటర్లు మించకూడదు. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంతే కనిపిస్తుంది, ఆ పైన దూరమైతే కంటికి ఆనదు. పావుగంటకోసారి అన్ని బోట్లూ ఇంజన్లు ఆపి చెవి ఒగ్గాలి, ఇంజను హోరులో ఏ కేకా వినపడదు. ఎండ ఎదురుగా కొట్టే వేళ నీటి తళుకులో ఏదీ కనిపించదు కాబట్టి, ఉదయం పడమరకు, సాయంత్రం తూర్పుకు ముఖం పెట్టి వెతికేలా వరసను తిప్పుకోవాలి.

ఊరి బోట్లు తిరిగొచ్చాక చూద్దాంలే అని 1554కు ఫోన్ చేయడం ఆపుతుంటారు. ఈ తీరంలో ఎక్కువ నష్టం చేసేది ఈ ఆలస్యమే. రెండూ ఒకేసారి జరగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో ఎవరైనా పోయి తప్పిపోతే, కేసు పెడతారేమోనన్న భయంతో యజమాని నోరు మెదపడు. వెతకడానికి పైన ఎగిరే విమానం నిషేధమా కాదా చూడదు. జరిమానా సంగతి తర్వాత. ముందు ఫోన్ పోవాలి.

1554 కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. మన వైపు సముద్రంలో గాలింపును నడిపేది చెన్నైలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం. ఇలాంటివి దేశంలో మూడే ఉన్నాయి: ముంబై, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం). కృష్ణపట్నంలో కోస్ట్‌గార్డ్ స్టేషను ఉండడం నెల్లూరు తీరానికి పెద్ద అండ. సేవగా చూస్తే మొత్తం ఏర్పాటులో ఎక్కువ మార్కులు దీనికే వేస్తాం. అయితే అవతలి గొంతు తెలుగులోనే పలుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. హిందీ గానీ ఇంగ్లీషు గానీ వచ్చిన పిల్లో పిల్లవాడో పక్కన ఉండాలి. ఏడుస్తూ చెబితే సగం పోతుంది కాబట్టి చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకోవాలి. బోటు రకం, రంగు, ఐఎన్‌డీ-ఏపీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కినవాళ్ళు ఎందరు, ఒడ్డు వదిలిన వేళ, చివరిసారి చూసినవాళ్ళెవరు, ఎన్ని గంటలకు చూశారు, ఎక్కడ చూశారు. ఫోన్ పెట్టేసే ముందు ఎత్తినవారి పేరు, ఫిర్యాదు నమోదైన నంబరు, మళ్ళీ ఫోన్ చేయాల్సిన నంబరు అడిగి రాసుకోవాలి. చాలామంది అడగనిది ఈ చివరిదే. తర్వాత కబురు తెగిపోయేదీ ఇక్కడే.

"ఎక్కడ" అన్న దాని దగ్గర ఒక చిన్న చుక్క ఎంత పని చేస్తుందో చూడండి. పక్క బోటు జీపీఎస్‌లో 14.50 అని కనిపిస్తే అది పద్నాలుగున్నర డిగ్రీలు, అంటే 14 డిగ్రీల 30 నిమిషాలు. సుమారుగా మైపాడు ఎదురు. ఫోన్‌లో చెప్పేటప్పుడు అదే అంకెను "పద్నాలుగు, యాభై" అంటే అవతలివారు 14 డిగ్రీల 50 నిమిషాలని రాసుకోవచ్చు. తేడా 20 నిమిషాలు. నిమిషానికి ఒక నాటికల్ మైలు లెక్కన 20 మైళ్ళు, 37 కిలోమీటర్లు. వెతికే ఓడ జువ్వలదిన్నె వైపు పోతుంది. జీపీఎస్ పెట్టెలో లెక్క మూడు రకాలుగా చూపించేలా పెట్టుకోవచ్చు: ఒట్టి డిగ్రీలు, డిగ్రీలూ నిమిషాలూ, డిగ్రీలూ నిమిషాలూ సెకన్లూ. ఒకే ఊరి బోట్లలో ఒక్కోదానిలో ఒక్కో రకంగా ఉంటుంది. అందుకని నోటితో చెప్పి ఊరుకోకుండా ఆ తెర ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. జీపీఎస్ లేకపోతే ఎన్ని బారల నీళ్ళు, ఒడ్డు మీద ఏ గుడి, ఏ టవరు, ఏ తాడిచెట్లు ఏ వరసలో కనిపిస్తాయో చెప్పినా పనికొస్తుంది.

చివరి చోటు, చివరి వేళ చేతికందితే సరాట్ పనిలోకి దిగుతుంది. ఇన్‌కాయిస్ దీన్ని 2016లో తెచ్చింది. తప్పిపోయినది ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని ఇస్తే గాలినీ నీటి ఒరవడినీ కలిపి లెక్కగట్టి, ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో పటం మీద చూపిస్తుంది. అందులో ఎంచుకోవడానికి 60 రకాల వస్తువులున్నాయి, కారణం లేకుండా కాదు. ఖాళీ ఫైబర్ బోటు నీటి మీద తేలి ఉంటుంది కనుక గాలి దాన్ని తోసుకుపోతుంది. అదే బోటు నీళ్ళు నిండి అంచుదాకా మునిగితే గాలికి దొరకదు, నీటి వెంటే పోతుంది. లైఫ్‌జాకెట్ వేసుకున్న మనిషి ఒక తీరు, వేసుకోని మనిషి ఇంకొక తీరు. కాబట్టి పిల్లవాడు బోటులోంచి పడ్డాడా, బోటుతో సహా కనిపించలేదా, జాకెట్ ఉందా లేదా అన్నది అధికారికి స్పష్టంగా చెప్పాలి. తల్లి మనసు "జాకెట్ వేసుకునే ఉంటాడు" అంటుంది. ఇంట్లో మేకుకు వేలాడుతుంటే మాత్రం లేదనే చెప్పించండి. తప్పు రకం ఇస్తే పటం తప్పు చోటే చూపిస్తుంది. సరాట్ మంచి పనిముట్టు, ఉచితం, వేగం. చివరి వేళలో మూడు నాలుగు గంటల తేడా ఉంటే మాత్రం వెతకాల్సిన మేర బాగా పెరిగిపోతుంది. అది పనిముట్టు తప్పు కాదు.

మన తీరం వెంట నీరు ఏడాది పొడుగునా ఒకే వైపు పోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి లాగుతుంది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి. ఒకట్రెండు రోజుల గాలి దీన్ని మార్చగలదు, కానీ వారాల లెక్కన చూస్తే ఇదే వాటం. అంటే కార్తీకంలో కొత్తపట్నం దగ్గర తప్పిపోయిన పిల్లవాడి కోసం రామాయపట్నం, ఇస్కపల్లి, కృష్ణపట్నం, ఇంకా కిందికి పులికాట్, చెన్నై కాశిమేడు వైపు కబురు పెట్టాలి. మార్చిలో మైపాడు దగ్గర తప్పిపోతే ఒంగోలు తీరం, వాడరేవు, సూర్యలంక, నిజాంపట్నం. సర్క్యులర్ పంపాం అని స్టేషన్లో చెబితే ఏ వైపు స్టేషన్లకు పంపారో అడగండి. జిల్లా గీత దాటితే రాష్ట్రం గీత, ఆ పైన భాష మారుతుంది. తమిళనాడు వైపు పోవాల్సిన కాగితం తెలుగులో మాత్రమే ఉంటే పని కాదు. శ్రీహరికోట వెంబడి ఒడ్డు ఇస్రో రాకెట్ కేంద్రం షార్ పరిధిలోది, అక్కడ కాపలా కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్‌ది. మామూలు జనం తిరగని ఇసుక కాబట్టి అక్కడికి కొట్టుకొచ్చినది ఊళ్ళోవాళ్ళ కంటపడదు. పోలీసుల ద్వారా అక్కడికి ప్రత్యేకంగా కబురు పంపించాలి.

ఇక సేవలో బలహీనమైన భాగానికి వద్దాం. కొన్ని రోజులు గాలించాక, దొరికే అవకాశం లేదనుకున్నప్పుడు కోస్ట్‌గార్డ్ గాలింపును నిలిపివేస్తుంది. వాళ్ళ పద్ధతిలో నిలిపివేయడమంటే ముగించడం కాదు, కొత్త ఆధారం దొరికితే తిరిగి మొదలవుతుంది. ఈ తేడా ఇంటిదాకా రాదు. పాలెంలో వినపడేది "వెతకడం ఆపేశారంట" అన్న ఒక్క ముక్క. తల్లికి అది "నీ బిడ్డ పోయాడు" అని వినిపిస్తుంది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలన్నది ఇంటివాళ్ళకు తెలియదు. కోస్ట్‌గార్డ్ మెరైన్ పోలీసులకు చెబుతుంది, వాళ్ళు మత్స్యశాఖకు, మత్స్యశాఖ సచివాలయంలోని మత్స్య సహాయకుడికి, ఆయన బోటు యజమానికి, యజమాని ఊరి పెద్దకు. ఇన్ని చేతులు మారేసరికి "ఫలానా చోట నీలం డ్రమ్ము కనిపించింది" అన్నది "బోటు దొరికింది" అయిపోయి వస్తుంది. ఒక రోజంతా ఆ ఇల్లు ఆశతో బతుకుతుంది. ఆ రోజును ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

దీనికి మందు ఖర్చు లేనిదే. మొదటి రోజే ఇటు ఇంటి నుంచి ఒకరిని, అటు ఆఫీసు నుంచి ఒకరిని కబురు చూసుకునే పనికి పెట్టాలి. ఇంటి తరఫున మేనమామో, చదువుకున్న మేనకోడలో, గట్టి గుండె ఉన్నవారు. ఆఫీసు తరఫున మెరైన్ స్టేషను ఎస్సై అయినా, మత్స్య సహాయకుడైనా సరే, ఒక్కరే ఉండాలి. రోజూ సాయంత్రం ఒకే వేళకు ఫోన్. కొత్త సంగతి లేకపోయినా ఫోన్ రావాలి. "అమ్మా, ఇవాళ ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా చూశాం, ఏమీ కనిపించలేదు, రేపు ఈ వైపు పోతున్నాం" అన్నది కూడా కబురే. ఆ మాట లేకపోతే ఆమె ఒడ్డు వదిలి ఇంటికి రాదు, తిండి ముట్టదు. అధికారులు ఇందుకు ఒప్పుకోకపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీలో ఇదొక్కటే కోరికగా రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

కోస్ట్‌గార్డుకు చెప్పాం కదా అని పోలీసు కేసు వాయిదా వేయడం ఇంకొక పొరపాటు. మొదటి రోజే మ్యాన్ మిస్సింగ్ కేసు నమోదు చేయించి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోవాలి, అది ఉచితం. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసేది) అడగాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి కాబట్టి, ఓడ గుద్దిందనో, ఎవరో తోసేశారనో అనుమానం ఉంటే ఈ మాట గట్టిగా అడగొచ్చు. పెద్ద ఓడ గుద్దిందన్న అనుమానం ఉంటే ఆలస్యం అసలు కూడదు. పెద్ద నౌకలు తామెవరో, ఎక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ సంకేతాలు పంపుతుంటాయి, ఆ వేళకు ఆ చోట ఏ నౌక ఉందో వాటిని బట్టి తెలుస్తుంది. కృష్ణపట్నం పోర్టు కంట్రోల్ రికార్డులు కూడా భద్రపరచమని పోలీసుల ద్వారా రాతపూర్వకంగా కోరాలి. ఎఫ్‌ఐఆర్‌లో "వేటకు వెళ్ళి" అన్న మాట, బోటు నంబరు, తప్పిపోయిన తేదీ తప్పనిసరిగా ఉండాలి. "ఇంటి నుంచి వెళ్ళి తిరిగి రాలేదు" అని మాత్రమే రాస్తే రేపు పరిహారం ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఫోన్ చివరిగా ఏ టవర్ పట్టిందో పోలీసులు తెప్పించగలరు, ఫోన్ నంబరుతో పాటు ఏ కంపెనీ సిమ్మో కూడా ఇవ్వండి.

గుర్తులు చెప్పే పని తల్లిదే, ఆమె కంటే బాగా ఎవరూ చెప్పలేరు. రాయడం కష్టమే అయినా రాయక తప్పదు: ఉప్పునీటిలో కొన్నాళ్ళున్న దేహానికి ముఖం ముందుగా పోతుంది. ఫొటో ఒక్కటే ఇస్తే చాలదు. మొలతాడు నలుపా ఎరుపా, దానికి తాయెత్తు ఉందా, వెండి బిళ్ళ ఉందా. పచ్చబొట్టు ఏ చేతికి, ఏ అక్షరం. పన్ను విరిగిందా, కట్టించుకున్నాడా. ఆపరేషన్ మచ్చ. లోపల వేసుకున్న బనియన్ రంగు, నిక్కరు కుట్టించిందా కొన్నదా. చివరిదాకా మిగిలేవి నడుముకు కట్టినవీ, గట్టి గుడ్డా. ఆనవాలు తెలియని దేహాన్ని మార్చురీలో సాధారణంగా 72 గంటలే ఉంచుతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రులతో పాటు వాటం ఉన్న వైపు జిల్లాల ఆసుపత్రుల్లో కూడా అడగాలి. ఇప్పటికే ఖననం చేసి ఉంటే ఫొటోలు, గుడ్డలు, డీఎన్‌ఏ కోసం పన్ను గానీ ఎముక గానీ తీసి ఉంచారా అని అడగండి. డీఎన్‌ఏ పోల్చడానికి తల్లి రక్తం చాలా విలువైనది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ బిడ్డకు తల్లి నుంచే వస్తుంది, ఎముక బాగా పాడైనప్పుడు కూడా అది దొరికే అవకాశం ఎక్కువ. ఏ దేహమూ దొరకక ముందే ఆమె నమూనా తీసి పెట్టమని దర్యాప్తు అధికారిని కోరవచ్చు. ఈ పని పోలీసుల చేతుల మీదుగానే జరగాలి, ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు ఇక్కడ పనికిరాదు.

పిల్లవాడు బతికి వేరే దేశం చేతికి చిక్కి ఉండొచ్చన్న ఆశ కూడా గాలిమాట కాదు. ఇంజను చెడిన బోటు దక్షిణానికి కొట్టుకుపోయి శ్రీలంక నీళ్ళలో తేలొచ్చు. అక్కడ జాఫ్నాలో మన కాన్సులేట్ ఉంది. విదేశాంగశాఖ మదద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కిస్తే నంబరు వస్తుంది, దానితో ఫైలు ఎక్కడుందో చూసుకోవచ్చు. గుజరాత్ బోట్ల మీద కూలికి పోయినవాళ్ళైతే పాకిస్తాన్ చేతికి చిక్కి ఉండొచ్చు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ప్రతి జనవరి 1న, జూలై 1న తమ దగ్గరున్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ రెండు తేదీలూ గుర్తుంచుకోండి, పేరు అక్షరాలు తారుమారై ఉండొచ్చు కాబట్టి తండ్రి పేరు, ఊరు కూడా పోల్చి చూడమనండి.

ఈ ఆశ చుట్టూనే మోసం తిరుగుతుంది. "మీవాడు ఫలానా జైల్లో ఉన్నాడు, విడిపించాలంటే ఇంత పంపండి" అని ఫోన్లొస్తాయి. ఇంట్లో మాత్రమే తెలిసిన ఒక్క ప్రశ్న వేయండి, చిన్నప్పటి ముద్దుపేరో, కుక్కపిల్ల పేరో. జవాబు రాకపోతే పెట్టేసి నంబరు పోలీసులకు ఇవ్వండి. కాన్సులేట్ ఏనాడూ ఫోన్‌పేలో డబ్బులు అడగదు. అంజనం వేయించడం, సోది అడగడం గురించి కూడా చెప్పాలి. ఆ తల్లి పోతానంటే అడ్డుపడి ఆమెను నొప్పించకండి. అంజనంలో కనిపించిందన్న దిక్కుకు మాత్రం వెతికే బోట్లను తిప్పకండి. డీజిలూ, పగటి వెలుగూ రెండూ కొద్దిగానే ఉంటాయి.

డబ్బు విషయం క్లుప్తంగా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి, కానీ పేరు నమోదై ఉండాలి. వేటలో చనిపోయినవారికి రాష్ట్రం ఇచ్చే పరిహారాన్ని 2019లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. దరఖాస్తు వేసే నాటికి ఏ జీవో నడుస్తోందో జిల్లా మత్స్యశాఖలో కాగితం చూపించమనండి. బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెల చివర 20 రూపాయలు కోత పడి ఉంటే సురక్షా బీమా యోజన ఉన్నట్టు, అది ఇంకో 2 లక్షలు. పెళ్ళైన కొడుకైతే హిందూ వారసత్వ చట్టం కింద తల్లికి కూడా భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు జారిపోకుండా చూడండి.

దేహం దొరకకపోతే అసలు చిక్కు మొదలవుతుంది. ఏడేళ్ళు జాడ లేకపోతే మనిషి చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 111వది. ఆ ఏడేళ్ళూ గడిచినా దానంతటదే మరణ ధ్రువపత్రం రాదు, కోర్టుకు పోయి ప్రకటన తెచ్చుకోవాలి. మునిగిన బోటులోంచి బతికొచ్చినవాళ్ళ వాంగ్మూలం ఉంటే అంతకాలం ఆగకుండానే మరణాన్ని సాక్ష్యంతో రుజువు చేసే దారి ఉంది. అందుకే వాళ్ళ మాటలు మొదటి వారంలోనే పోలీసు రికార్డులో, వీలైతే మేజిస్ట్రేటు ముందు ఎక్కించాలి. 2004 సునామీ తర్వాతా, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాతా ఏడేళ్ళు ఆగకుండా ధ్రువపత్రాలిచ్చేందుకు ప్రభుత్వం ప్రత్యేక పద్ధతి పెట్టింది. ఒక్క బోటు మునిగిన ఇంటికి ఆ దారి లేదు. ఒక్క బోటులోని బిడ్డ తల్లికీ అదే దారి కావాలి. మత్స్యకార సంఘాలు ఈ మాట మీద పట్టుబట్టాలి.

బోటులో పెట్టుకునే పరికరాల్లో, ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే ఇస్రో డ్యాట్ మంచిది. రెండో తరం డ్యాట్‌లో మీ సంకేతం అందిందని జవాబు కూడా వస్తుంది. నడిసంద్రంలో ఉన్నవాడికి ఆ జవాబు ఎంత ధైర్యమో చెప్పలేం. నభ్‌మిత్ర అనే ఇంకో ఇస్రో ఉపగ్రహ పరికరం (ట్రాన్స్‌పాండర్)తో రెండు వైపులా సందేశాలు పోతాయి. దేశమంతటా లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. పోయిపోతుందనో, తడుస్తుందనో ఇంట్లో అటక మీద పెట్టిన డ్యాట్ ఎవరినీ కాపాడదు. దాన్ని బోటుకు తాడుతో కట్టి ఉంచాలి.

ఇవేవీ లేని చిన్న తెప్పల ఇంటికి ఒక కాగితం చాలు. తలుపు వెనక, పిల్లల చేతికి అందని ఎత్తున అంటించండి. పైన 1554, 1093. కింద బోటు నంబరు, రంగు, పక్క బోటు యజమాని ఫోను. ఆ కింద ప్రతి వేటకూ మూడు గడులు: ఎన్నింటికి పోయాడు, ఎన్ని బారలకు పోతానన్నాడు, ఎప్పటికి వస్తానన్నాడు. చాక్‌పీసుతో రాసే పలక అయినా సరే. కొడుకు చద్దిమూట కట్టించుకుని గడప దాటే ముందు అమ్మే అడిగి రాయించాలి.